బిజిలీకి ఎనిమిది సోమవారాలు

ఆ కుక్క మా ఇంటికి రావాల్సింది కాదు. ఖమ్మం నుంచి అశ్వారావుపేట అవతలి పామాయిల్ తోటకు పోతూ, దమ్మపేట దాటాక మా ఊరి మలుపు దగ్గర కారు ఆగింది. ఆపించింది షబ్రీన్. ఏడ్చి ఆపించిందని ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసింది.

పత్తి తీతల రోజులు. ఆదివారం కాబట్టి నేను ఇంటి దగ్గరే ఉన్నాను. నాయిన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, నాలుగేళ్ళుగా చేస్తున్న పనే చేస్తున్నాడు. రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను తిట్టడం. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి, ఎడ్లు పోయి ఆయన దలాలీ పోయింది. నలభై ఏళ్ళు సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చిన మనిషి మంచానికే అతుక్కుపోయాడు.

షబ్రీన్ కారు వెనక తలుపు తీసింది. సన్నగా, పొడుగ్గా, గోధుమ రంగు కుక్క సీటు సందులో నక్కి ఉంది. మెడపట్టె పట్టి దింపగానే చుట్టూ ఒకసారి చూసి, ఒక్క ఉరుకులో వచ్చి నాయిన మంచం కింద దూరింది.

"ఏందే ప్రమీలా, మంచం కింద దయ్యం దూరింది?" అన్నాడు నాయిన, కాళ్ళు పైకి లాక్కుంటూ.

"దయ్యం కాదు తాతా, బిజిలీ," అంది షబ్రీన్.

"మెరుపా? గిట్ల వణికే మెరుపును నేను సూడలే."

నేను ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఖానాపురం హవేలిలో వీళ్ళ మేడ మీది గదిలోనే కిరాయికున్నాను. అప్పుడు షబ్రీన్ ఆరో తరగతి. ఇప్పుడు అదీ డిగ్రీకొచ్చింది. నేను పశువుల దవాఖానాలో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి జంతువుల సంగతి నాకంతా తెలుసని దాని నమ్మకం. నాకు తెలిసింది గొర్రెలకు నట్టల మందు తాగించడం, గాయాలకు కుట్లు వెయ్యడం.

వాళ్ళ నాన్న ఆజం భాయ్ కారు దిగి, మంచానికి పది గజాల దూరంలో ఆగాడు. ఖమ్మంలో ఆయనకు లారీల సీట్లు కుట్టే షాపుంది. తెల్లటి లాల్చీ, చేతిలో ఫోను. ఆ ఫోను నాకందించి, "చూడమ్మా, మా ఇజ్జత్ ఎట్ల పోయిందో నువ్వే చూడు," అన్నాడు.

వీడియో హైదరాబాదులో జరిగిన కుక్కల షోది. రింగులో షబ్రీన్, పక్కన బిజిలీ. జడ్జి వంగి చెయ్యి చాపాడు. అంతే, బిజిలీ పొట్ట నేలకానించి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, జడ్జిగారి బూటు మీదే పోసేసింది. కింద ఎవరో 'ఖమ్మం పులి' అని రాశారు.

"కర్ణాటక దాకా పోయి తెచ్చిన. ముధోల్ జాతి. తల్లి చాంపియన్, తండ్రి చాంపియన్. ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతి డ్రైవరూ 'సేట్, మీ పులి మంచిగుందా' అంటుండు. ఆదినారాయణ గారి తోటల అడవిపందులు పడుతున్నయట. తీస్కపోయి గొలుసేసి కట్టుకోమన్న."

"అబ్బూ, దానికి మనుషులంటేనే భయం, పందుల ముందు ఏం నిలబడ్తది?" అంది షబ్రీన్.

ఆ తోటల కుక్కలు నాకు తెలుసు. వారానికొకటి మా దవాఖానాకొస్తుంది, పంది కోరకు పొట్ట చీలి. గొలుసుకు కట్టిన కుక్క ఉరకలేదు. సగం వాటికి నేను కుట్లు వెయ్యడం మొదలుపెట్టేసరికే పని ఉండదు. ఆ మాట షబ్రీన్ ముందు అనలేకపోయాను.

నాయిన మంచం మీంచే అడిగాడు. "సేటూ, మళ్ళ షో ఎప్పుడు?"

"జనవరిల ఉంది."

"అప్పటిదాంక ఈడుండనియ్. తోట యాడికన్న ఉరుకుతదా?"

ఆజం భాయ్ నాయినను కిందికీ మీదికీ చూశాడు. "పెద్దాయనా, మీరు కుక్కల డాక్టరా?"

"దలాలిని. నలభై ఏండ్లు ఎడ్లను అమ్మిపిచ్చిన."

"ఇది కుక్క."

"అవ్, కనవడ్తుంది."

షబ్రీన్ ముక్కు తుడుచుకుంటూనే నవ్వింది. కూతురు నవ్వడం చూసి ఆజం భాయ్ మెత్తబడ్డాడు. "సరే. జనవరి షోల జడ్జి చెయ్యి కింద నిలబడకపోతే మాత్రం, ఆ దినమే తోటకు పోతది. నేను ఆదినారాయణ గారికి మాటిచ్చిన," అని కారెక్కాడు. పోయేటప్పుడు కుక్క వైపు చూడలేదు. తెచ్చిన నాటి నుంచి దాని ఒంటి మీద ఆయన చెయ్యే పడలేదంటుంది షబ్రీన్. ఇంట్లో నాయనమ్మ బేగంకు ఐదు పూటల నమాజు, కుక్క మెట్ల కింది అర దాటి రాకూడదు. అది పెద్దావిడ నియమం. ఆజం భాయ్ సంగతి వేరు. ఆయనకు కుక్క మీద గర్వమే ఉండేది, ఆ గర్వం కూడా వీడియోతో పోయింది.

మొదటి రెండు వారాలు నేను ఫోనులో చూసిన విద్యలన్నీ చేశాను. కోడికార్జం ముక్కలు వేళ్ళ మధ్య పెట్టి పక్కింటి చిన్నక్క చేత ఇప్పించాను. పాల కేంద్రం మనిషిని బతిమాలి తెచ్చి దాని తల నిమరమన్నాను. కార్జం తినేది. చెయ్యి తల మీదికి రాగానే నేలకంటుకుపోయేది. దవాఖానాలో ఉన్నా ధ్యాస ఇంటి మీదే, ఇంటికొస్తే కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగేదాన్ని. షబ్రీన్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను. "నిలబడ్డదా అక్కా?" ప్రతిసారీ ఆ ఒక్క మాటే. 

ఆ రోజు పాలాయన కూడా విసుక్కుని పోయాక నాయిన అన్నాడు.

"దానికి చెయ్యంటే భయం కాదే బిడ్డా. వచ్చిన చెయ్యి ఎప్పుడు పోతదో తెల్వదు, గదీ భయం."

"అంటే?"

"సంతకు కొత్త కోడెను తెస్తరు. ఒగడు పండ్లు సూస్తడు, ఒగడు మూపురం ఒత్తుతడు, ఒగడు తోకెత్తుతడు. కోడె వణుకుతది. సూసుడు అయిపోయినంక ఏం జేస్తరు? వీపు మీద పెద్దగ ఒక్క చరుపు చరుస్తరు. నా పనైపాయె, ఇగ నడువు అని. నాలుగు చరుపులు పడేసరికి కోడెకు లెక్క సమజైతది. చెయ్యొస్తది, సూస్తది, చరుపు పడ్తది, పోతది. మీరు కార్జం ముక్క పెట్టుకుంట దాని తల మీద గంటసేపు నిమురుతుండ్రి. పాపం దానికి తుద యాడున్నదో తెలుస్తలేదు."

తర్వాతి ఆదివారం సాయంత్రం బస్సుకు షబ్రీన్ వచ్చింది. సోమవారం పొద్దున మేం ముగ్గురం, బిజిలీ కలిసి సంతకు పోయాం. నాయిన గడ్డం గీయించుకున్నాడు. నాలుగేళ్ళుగా పెట్టెలో ఉన్న ఎర్ర తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. నడుస్తుంటే నేనూ షబ్రీనూ వెనకబడ్డాం.

ఇప్పటి సంతలో ఎడ్లు తక్కువ, మేకలూ గొర్రెలూ ఎక్కువ. అయినా బేరగాళ్ళు కొందరు మిగిలారు. వాళ్ళల్లో సోమ్లా నాయినకు పాత జోడు. తండా మనిషి, నోరు తెరిస్తే ఎకసెక్కమే.

"ఏం ముత్యాలన్నా, ఎడ్లు దొరకక కుక్కకొచ్చినవా?"

"కూతలు తర్వాత కుయ్యి. పండ్లు సూడు ముందు."

సోమ్లా నవ్వుతూ వంగినవాడు, చెయ్యి పడగానే నవ్వు మానేశాడు. జంతువు ముందుకు పోతే వాళ్ళకు వేళాకోళం రాదు. బిజిలీ పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. మెడ కింద వేళ్ళు పోనిచ్చి సుడి కోసం వెతికాడు. పక్కటెముకలు లెక్కపెట్టాడు. బిజిలీ వణికి, పొట్ట నేలకానించి ఆయన కాలి మీదే పోసింది.

"నీళ్ళు సుత మంచిగనే పోస్తది," అని కాలు పక్కకు తీసి, వీపు మీద ఫట్మని ఒక్కటి చరిచాడు. బిజిలీ ఎగిరి తాడు ఉన్నంత దూరం ఉరికింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. మళ్ళీ వస్తాడేమోనని. సోమ్లా అప్పటికే మేకపోతు దగ్గరికి పోయాడు.

"సూసినవా, ఎనక్కి తిరిగి సూసింది," అన్నాడు నాయిన. "తిరిగి సూసిన పశువు నేర్చుకుంటది."

ఆ రోజు పదకొండు మంది చూశారు. పదకొండు చరుపులు. షబ్రీన్ ప్రతి చరుపుకూ తన వీపు మీద పడ్డట్టు కళ్ళు మూసుకుంది.

మూడో సోమవారానికి పోసుకోవడం మానింది. నాలుగో సోమవారం పొట్ట నేలకు ఆనలేదు. అయిదో వారం వాన పడి సంత పలచగా ఉంటే నాయిన ఊరుకోలేదు, టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళందరి చేతా చూపించాడు. వారం వారం బస్సులో వస్తున్న షబ్రీన్ కూడా మారింది. మొదట్లో నా వెనక నక్కిన పిల్ల, "జరుగుండ్రి అన్నా, పళ్ళు చూసేటాయనకు దారియ్యిండ్రి," అని అరవడం నేర్చింది.

"ఎంతకిస్తవు బిడ్డా?" అనేవాళ్ళు.

"అమ్మేది కాదు."

"అమ్మనిదాన్ని సంతకెందుకు తెచ్చినవే?" అన్నాడు ఆ అయిదో సోమవారం సోమ్లా. అందరూ నవ్వారు. నాయిన నవ్వలేదు.

ఆ సాయంత్రం షబ్రీన్‌ను బస్సెక్కించి వచ్చాక, నాయిన మంచం మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటూ అన్నాడు. "సోమ్లాగాడన్న మాట నిజమేనే."

"ఏ మాట?"

"ఆ సేటు ఏమన్నడు? నిలబడకపోతే తోటకు పంపుత అన్నడు. నిలబడితే ఏం జేస్తడో అన్నడా?"

నేను ఆలోచించాను. నిజమే, ఆయన ఆ మాట అనలేదు.

"సంతల మంచిగ నిలబడ్డ పశువు ఇంటికి రాదు బిడ్డా. ఎవడో ఒగడు తోల్కపోతడు. గా షోల సుత కొనేటోళ్ళుంటరు కదా? ఈ ముచ్చట ఆ పిల్లకు చెప్పకు. చెప్తే మానేస్తది. మానేస్తే తోట."

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. బిజిలీ బాగా నిలబడితే దిగులు, నిలబడకపోతే దిగులు. వారం మధ్యలో షబ్రీన్ ఫోను చేసి "నిలబడ్డదా అక్కా?" అంటే "అవ్" అని చెప్పి ఫోను పెట్టేసేదాన్ని, ఇంకో మాట నోట్లోంచి జారుతుందని. కుక్క నాయిన మంచం కింద పడుకుని నన్నే చూసేది. ఎనిమిదో సోమవారం అది ముప్పై మంది చేతుల కింద రాయిలా నిలబడింది. చరుపు పడగానే చెంగుమని గెంతి, గాలిలో రెండు చుట్లు తిరిగేది. సంత జనం పని ఆపి చూశారు. నాకు అన్నం సయించలేదు.

జనవరిలో షో. ఆజం భాయ్ కారులో అందరం హైదరాబాద్ పోయాం. ముందు సీట్లో నాయిన, వెనక మేం ఇద్దరం, మా కాళ్ళ మీద బిజిలీ. దారిలో ఆదినారాయణ గారు ఫోను చేశారు. "సాయంత్రానికల్లా చెప్తనండి," అన్నాడు ఆజం భాయ్. షబ్రీన్ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

మైదానంలో టెంట్లు, మైకు, షాంపూ వాసన. మనుషుల కన్నా కుక్కలకే ఎక్కువ దువ్వుతున్నారు. నాయిన తువ్వాలు సర్దుకుని ఒక చుట్టు తిరిగొచ్చి, "సంతనే ఇది. పెండ లేదు, అంతే," అన్నాడు.

మా వంతు వచ్చింది. జడ్జి టోపీ పెట్టుకున్న తెల్లగడ్డం పెద్దాయన. మన భాష కాదు. బిజిలీ ముందు వంగాడు. నేను టెంటు గుంజను పట్టుకున్నాను. ఆయన పెదవి ఎత్తాడు. మెడ, వీపు, పక్కటెముకలు, తోక. బిజిలీ మెడ దగ్గర చర్మం ఒక్కసారి జలదరించింది, కాళ్ళు కదల్లేదు. ఆయన చెయ్యి తీసి పక్కకు జరిగేదాకా షబ్రీన్ ఆగింది. అప్పుడు వీపు మీద ఒక్క చరుపు. ఫట్.

బిజిలీ పరుగు తీసింది. రింగు చుట్టూ షబ్రీన్ దానితో ఉరకలేకపోయింది. జనం అరుస్తున్నారు. జడ్జి టోపీ వెనక్కి నెట్టుకుని చూశాడు. పదకొండు కుక్కల్లో మూడో స్థానం ఇచ్చారు. ఆజం భాయ్ ఫోనులో వీడియో తీస్తూ తీస్తూ తనే "షాబాష్!" అని అరిచాడు. ఆ వీడియో చివర ఆకాశం, టెంటు గుడ్డ తప్ప ఏమీ లేదు.

అరగంట కాలేదు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. శంషాబాద్ పక్కన ఫారం హౌసంట, ఇలాంటివి పన్నెండు ఉన్నాయంట. బిజిలీని మళ్ళీ పళ్ళ నుంచి తోక దాకా చూసి, ఆజం భాయ్ చెవిలో ఒక అంకె చెప్పాడు. ఆజం భాయ్ కళ్ళు పెద్దవయ్యాయి. నాయిన నా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"అబ్బూ," అంది షబ్రీన్ ఒక్కసారి.

"బేటా, నిలబడింది. పరువు నిలిపింది. ఇగ తోటకు పంపను కద. ఈయన దగ్గర పెద్ద ఇల్లు, దీనికి మంచి తిండి," అన్నాడు ఆజం భాయ్, ఎక్కడో చూస్తూ.

ఆ పిల్ల గోల చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. తాడు కళ్ళద్దాల ఆయన చేతికిచ్చింది. ఆయన పద అన్నట్టు లాగాడు. బిజిలీ కదల్లేదు. బతిమాలాడు, బిస్కెట్టు చూపించాడు. నాలుగు కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడి ఉంది. చూడటం అయ్యాక చరుపు పడాలి కదా. పడలేదు. పడేదాకా అది అక్కడే ఉంటుంది.

ఆజం భాయ్‌కు విషయం తెలుసు. రింగులో చూశాడు కూడా. "షబ్రీన్, తట్టు బేటా. పోతది."

షబ్రీన్ రెండు చేతులూ చున్నీలో చుట్టుకుంది.

"పెద్దాయనా, మీరన్నా..."

నాయిన బీడీ కోసం జేబులు వెతకడం మొదలుపెట్టాడు.

"ప్రమీలమ్మా, నువ్వన్నా తట్టమ్మా."

నెల రోజులుగా నోట్లో నానుతున్నదేదో ఇంకోలా బయటికొచ్చింది. "మీ కుక్క కద భాయ్. మీరే తట్టుండ్రి."

ఆజం భాయ్ లాల్చీ చేతులు పైకి మడిచాడు. వంగాడు. దబ్బనం గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన చెయ్యి. బిజిలీ తల తిప్పి, ఆ మణికట్టు వాసన చూసి, మళ్ళీ ముందుకు తిరిగి నిలబడింది. చెయ్యి వీపు మీద ఆనింది. చరచడానికి లేవాలి కదా, లేవలేదు. మైకులో ఇంకో జాతి కుక్కలను పిలుస్తున్నారు. ఆ పిలుపులన్నీ అయిపోయాయి, చెయ్యి అక్కడే ఉంది.

"దీని గుండె గింత జోరుగ కొట్టుకుంటుందేంది?" అన్నాడు, కూతురితో.

"ఎప్పుడూ అంతే అబ్బూ. సంతల సుత అంతే."

"ఇంత కొట్టుకుంటుంటే ఎట్ల నిలబడ్డది?"

ఆయన చెయ్యి జరిపి, వీపు మీంచి పక్కటెముకల దాకా పోనిచ్చి, మళ్ళీ గుండె దగ్గర ఆపాడు. కళ్ళద్దాల ఆయన గడియారం చూసుకున్నాడు. ఆజం భాయ్ వంగినవాడు వంగినట్టే, రెండో చెయ్యి పైకి చాపి తాడు అందుకున్నాడు.

"మాఫ్ కర్నా భాయ్," అన్నాడు. "ఇది అమ్మేది కాదు."

తిరుగు దారిలో సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. నాయిన, ఆజం భాయ్ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. ఆజం భాయ్ ఆదినారాయణ గారికి ఫోను చేసి ఇంకేదైనా కుక్కను చూసుకోమని చెబుతున్నాడు. లాల్చీ ముందంతా గోధుమ రంగు వెంట్రుకలు. నేను, షబ్రీన్ కారు దగ్గర ఉన్నాం. ఇక దాచలేక చెప్పేశాను.

"నన్ను తిట్టుకోకు షబ్బూ. నిలబడితే అమ్ముడుపోతదని నాకు ముందే ఎరుక. అయిదో సోమవారమే నాయిన చెప్పిండు. నీకు చెప్తే మానేస్తవని చెప్పొద్దన్నడు."

షబ్రీన్ నా ముఖం వంక వింతగా చూసింది.

"నాకు రెండో సోమవారమే చెప్పిండక్కా. బస్ స్టాండు దగ్గర."

"చెప్పినంక సుత నేర్పినవా?"

"తోటకు పోతే చస్తది కదక్కా. ఎవరింటికి పోయినా బతికుంటే చాలనుకున్న. అక్కకు చెప్పకు, అక్కది మెత్త మనసు, చెప్తే నేర్పుడు మానేస్తదన్నడు తాత."

ఇద్దరం ఒకేసారి టీ కొట్టు వైపు చూశాం. నాయిన టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, ఆజం భాయ్ చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతున్నాడు. ఆజం భాయ్ తల ఊపుతున్నాడు.

మేం చూస్తున్నామని గమనించి నాయిన కేకేశాడు. "ఏందే, ఇద్దరు ఏం గుసగుస పెడుతుండ్రు?"

"ఏం లేదు తాతా," అంది షబ్రీన్.

"ఏం లేదు నాయినా," అన్నాను నేను.